పర్లాకిమిడి ఎండల్లో విజన్‌ఫైవ్ 2: కంపైలర్ ప్యాచ్‌ల పరీక్షకి కొన్న బోర్డు, ఎనిమిది నెలల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, సినిమాలు చూడ్డానికో ఆటలాడ్డానికో చిన్న కంప్యూటర్ కావాలనుకునేవాళ్ల కోసం కాదు ఇది. విజన్‌ఫైవ్ 2 అంటే ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటర్. నేను దీనికి మానిటర్ తగిలించింది ఒకే ఒక్కసారి, అదీ కొన్న రోజు అమ్మకి చూపించడానికి. అప్పట్నుంచీ మా మేడ మీద గదిలో పాత టేబుల్ మీద, నెట్ వైరు, కరెంటు వైరు తప్ప ఇంకేమీ లేకుండా పడుంది. దానికి రెండే పనులు. జీసీసీ కంపైలర్‌లో (మనం రాసిన ప్రోగ్రామ్‌ని చిప్‌కి తెలిసే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చేది) రిస్క్-ఫైవ్ భాగానికి (ఈ బోర్డు చిప్ మాట్లాడే ఇన్‌స్ట్రక్షన్ల భాష అది) నేను రాసుకునే చిన్నాచితకా ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు, ఏమీ పాడు చెయ్యట్లేదని చూడాలి, అవి నిజంగా వేగం పెంచాయా, లేక పెంచాయని నేను అనుకుంటున్నానా అన్నది తేల్చాలి. ఈ రెండో పని గురించే ఇదంతా రాస్తున్నా. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తా, సర్దుకోండి.

"ల్యాప్‌టాప్‌లో క్యూఎము ఉంది కదన్నా, దీనికి డబ్బులెందుకు తగలెయ్యడం" అని ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడొకడు అడిగాడు. సరైన ప్రశ్నే. క్యూఎము అంటే ఎమ్యులేటర్, వేరే రకం చిప్‌ని ల్యాప్‌టాప్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్. ఎమ్యులేటర్లో ప్రోగ్రామ్ నడిపితే జవాబు సరిగ్గా వచ్చిందో లేదో తెలుస్తుంది, నేనూ మొదటి విడత పరీక్షలన్నీ అక్కడే చేస్తా. కానీ దానికి పైప్‌లైన్ (చిప్‌లో ఇన్‌స్ట్రక్షన్లు దశలవారీగా నడిచే వరస) తెలీదు, క్యాష్ మిస్ (కావాల్సింది క్యాష్‌లో, అంటే చిప్‌లోని వేగమైన చిన్న మెమరీలో, దొరక్కపోవడం) తెలీదు. నీ ప్యాచ్ మూడు ఇన్‌స్ట్రక్షన్ల చోట ఒకటి పెడితే అసలు చిప్ మీద ఎంత కలిసొస్తుందో అది చెప్పలేదు. ఇంకో దారి కంపైల్ ఫార్మ్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి రకరకాల ప్రాసెసర్ల మిషన్లు ఉచితంగా వాడుకోనిస్తారు, చాలా మంచి ఏర్పాటు, పరీక్షలకి ఇప్పటికీ వాడుతున్నా. బెంచ్‌మార్క్‌కి, అంటే వేగం కొలవడానికి, మాత్రం పనికిరాదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, అదే మిషన్ మీద ఇంకో నలుగురు వాళ్ల కంపైలర్లు కట్టుకుంటుంటే నా ప్యాచ్ తెచ్చిన ఒక శాతం తేడా ఎక్కడ కనపడుతుంది. కొలతకి మిషన్ నీ ఒక్కడిదే అయ్యుండాలి.

సరే, కొన్నాను. 8 జీబీ మెమరీ ఉన్నది, పన్నులూ రవాణా కలిపి చేతికొచ్చేసరికి దాదాపు 10,000 అయింది. చేతికి రావడమే పెద్ద కథ, మాది ఒడిశా సరిహద్దు ఊరు. ఒక కొరియర్ వాళ్లు మా పిన్‌కోడ్‌కి రామన్నారు, ఇంకొకళ్లు వస్తామని చెప్పి బరంపురంలో వారం రోజులు ఉంచుకుని వెనక్కి పంపేశారు. చివరికి ఆంధ్రా వైపు, పాతపట్నంలో ఉన్న మా బావ అడ్రస్ ఇచ్చా. మూడో రోజుకి వచ్చింది. బండి మీద వెళ్లి తెచ్చుకున్నా, పదిహేను నిమిషాల దారి కూడా కాదు, కానీ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది మరి. బావ పెట్టె ఊపి చూసి "ఏటి బావా ఇది, రేడియోనా?" అన్నాడు. సరిహద్దు ఊళ్లలో ఎలక్ట్రానిక్స్ తెప్పించుకునేవాళ్లు ఎవరైనా సరే అవతలి వైపు ఒక చుట్టాన్ని మంచి చేసుకుని ఉంచుకోండి.

బోర్డు సంగతి. స్టార్‌ఫైవ్ వాళ్ల జేహెచ్7110 చిప్, అందులో సైఫైవ్ యూ74 కోర్లు నాలుగు, వేగం 1.5 గిగాహెర్ట్జ్, నాలుగింటికీ కలిపి 2 ఎంబీ ఎల్2 క్యాష్. ఎస్‌డీ కార్డ్ స్లాట్ ఉంది, ఎం.2 స్లాట్ కూడా ఉంది. కంపైలర్ కట్టే పనికి ఎస్‌డీ కార్డ్ జోలికి వెళ్లకండి, ఎం.2లో చవకలో దొరికే ఎన్‌వీఎంఈ డిస్క్ ఒకటి పెట్టుకోండి, ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. యూ74 అంటే ఇన్-ఆర్డర్ కోర్, ఒక సైకిల్‌కి, అంటే చిప్ గడియారం ఒక టిక్కుకి, రెండు ఇన్‌స్ట్రక్షన్లు మొదలుపెట్టగలదు కానీ రాసిన వరస దాటదు. ముందున్నవాడు టికెట్ తీసుకోడానికి చిల్లర వెతుక్కుంటుంటే వెనకున్నవాళ్లంతా ఆగాల్సిందే. పెద్ద ప్రాసెసర్లయితే వెనకవాళ్లని పక్క కౌంటర్‌కి పంపేస్తాయి, అందుకే కంపైలర్ వరస సరిగ్గా పేర్చకపోయినా ఆ తప్పు పెద్దగా బయటపడదు. ఇక్కడ దాచడానికి ఏమీ లేదు. షెడ్యూలింగ్ ప్యాచ్ (ఇన్‌స్ట్రక్షన్ల వరస పేర్చేది) బాగుంటే బాగుందనీ చెత్తగా ఉంటే చెత్తగా ఉందనీ మొహం మీదే చెప్తుంది. నిదానంగా నడిచే బోర్డు కొని సంతోషంగా ఉన్నానంటే కారణం ఇదే.

ఇప్పుడు అడాప్టర్ గొడవ. బోర్డుతో అడాప్టర్ రాలేదు, బజార్లో ఒక మొబైల్ షాపులో టైప్-సి చార్జర్ కొన్నా, పైన 5 వోల్టులు 3 యాంప్‌లు అని బంగారు రంగులో అచ్చేసి ఉంది. బోర్డు బూట్ అయింది, రెండు రోజులు బాగానే నడిచింది, మూడో రోజు జీసీసీ బూట్‌స్ట్రాప్ మొదలుపెట్టా. బూట్‌స్ట్రాప్ అంటే కంపైలర్‌ని మూడుసార్లు కట్టడం. మెషిన్‌లో ఉన్న పాత కంపైలర్‌తో ఒకటి, దానితో రెండోది, రెండోదానితో మూడోది. రెండోదీ మూడోదీ ఇచ్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లు పోల్చి చూస్తుంది, తేడా వస్తే కంపైలర్ తనని తానే తప్పుగా కట్టుకుందన్నమాట. ఈ బోర్డు మీద రాత్రి భోజనం చేసి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూడా అవ్వదు ఒక్కోసారి. నాది రెండో దశలో ఆగిపోయింది, ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్, అంటే కంపైలరే కూలిపోయింది. నా ప్యాచే కొంప ముంచింది అనుకుని రెండు రోజులు దాన్ని తిరగేసి బోర్లేసి చూశా. ప్యాచ్ తీసేసి మళ్లీ కట్టా, మళ్లీ ఆగింది, ఈసారి వేరే ఫైల్ దగ్గర. మూడోసారి ఇంకో ఫైల్. జీసీసీయే పాపం చివర్లో ఒక మాట చెప్తుంది, ఈ బగ్ మళ్లీ రావట్లేదు కాబట్టి హార్డ్‌వేర్‌దో ఓఎస్‌దో సమస్య అయ్యుండొచ్చు అని. ఆ లైన్ నేను చాలాసార్లు చూసి కూడా పట్టించుకోలేదు. కంపైలర్ తప్పు చేస్తే ప్రతిసారీ ఒకే చోట చేస్తుంది. చోటు మార్చుకుంటూ పడిపోతుంటే కరెంటో, మెమరీయో, వేడో చూసుకోవాలి. మా బావ దగ్గర ఉన్న ఒక మంచి అడాప్టర్ అడిగి తెచ్చి పెట్టా, అదే కోడ్, అదే ప్యాచ్, మూడు దశలూ ఒక్క ఊపులో అయిపోయాయి. నాలుగు కోర్లూ పని చేస్తూ, పక్కన ఎన్‌వీఎంఈ కూడా లాగుతుంటే బంగారు అక్షరాల చార్జర్ వోల్టేజీ దిగిపోతోందన్నమాట.

బూట్‌స్ట్రాప్ అయ్యాక టెస్ట్ సూట్. వేల కొద్దీ చిన్న ప్రోగ్రాములు, ప్రతిదానికీ పాస్, ఫెయిల్, ఫెయిల్ అవుతుందని ముందే తెలిసినవి ఎక్స్‌ఫెయిల్, ఈ చిప్‌కి వర్తించనివి అన్‌సపోర్టెడ్. కొత్తవాళ్లు ఫెయిల్ అన్న మాట చూసి కంగారు పడతారు, నేనూ పడ్డా. ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి నడిపి రెండు జాబితాల మధ్య తేడా మాత్రమే చూడాలి. ముందునుంచీ ఫెయిల్ అయ్యేవి నీ ఖాతాలోవి కావు. జీసీసీ సోర్స్‌లోనే పోల్చే స్క్రిప్ట్ ఒకటి ఉంటుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, విసుగు పని, ఒక రోజంతా తింటుంది, మానకూడదు.

అసలు విషయానికొస్తా. ఈ చిప్‌లో జెడ్‌బీఏ, జెడ్‌బీబీ అనే ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనపు ఇన్‌స్ట్రక్షన్ల గుంపులు, ఉన్నాయి. జెడ్‌బీఏ అడ్రస్ లెక్కల కోసం. 32 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ లేని) ఇండెక్స్‌తో ఇంట్ ఎర్రేలో, అంటే నాలుగేసి బైట్ల అంకెల వరసలో, ఒక గడి అడ్రస్ కావాలనుకోండి. మామూలు రిస్క్-ఫైవ్‌లో ఇండెక్స్‌ని ఎడమకి 32 బిట్లు జరపాలి, కుడికి 30 జరపాలి, అప్పుడు మొదటి అడ్రస్‌కి కలపాలి, మొత్తం మూడు. జెడ్‌బీఏ ఉంటే ఎస్‌హెచ్2యాడ్ డాట్ యూడబ్ల్యూ అని ఒకే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఆ మూడింటి పనీ చేసేస్తుంది. లూప్ మధ్యలో వచ్చే ఒక తరహా కోడ్‌లో కంపైలర్ దీన్ని పట్టుకోలేకపోతోందని నాకు కనిపించింది, పట్టుకునేలా పది లైన్ల ప్యాచ్ రాశా. మే నెల. ఒక కంప్రెషన్ ప్రోగ్రామ్ తీసుకుని మధ్యాహ్నం రెండింటికి ప్యాచ్ లేకుండా కొలిచా, తర్వాత కొత్త కంపైలర్ సిద్ధమై, మళ్లీ అన్నీ కట్టుకునేసరికి రాత్రి పదకొండు దాటింది, అప్పుడు ప్యాచ్‌తో కొలిచా. ముందు 212 సెకన్లు, తర్వాత 205. మూడు శాతం పైనే! కంపైలర్ పనిలో ఒక చిన్న ప్యాచ్‌కి మూడు శాతమంటే లాటరీ తగిలినట్టే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ప్యాచ్‌తో పాటు పంపాల్సిన వివరణ కూడా గొప్పగా రాసి పెట్టుకున్నా.

పొద్దున్న పంపేముందు పెర్ఫ్ స్టాట్ (నడిచిన ఇన్‌స్ట్రక్షన్లూ సైకిళ్లూ లెక్కపెట్టే పనిముట్టు) అంకెలు ఇంకోసారి చూశా. ఇన్‌స్ట్రక్షన్లు 0.4 శాతం తగ్గాయి, అది నమ్మొచ్చు. సైకిళ్లు చూస్తే ముందు 30,800 కోట్లు, తర్వాత 30,740 కోట్లు. తగ్గింది 0.2 శాతమే. మరి టైమ్ మూడు శాతం ఎలా తగ్గింది? కాగితం తీసుకుని లెక్క వేశా. సెకనుకి 150 కోట్ల సైకిళ్ల చొప్పున 205 సెకన్లకి 30,750 కోట్లు, సరిపోయింది. 212 సెకన్లకి 31,800 కోట్లు రావాలి, వచ్చినవి 30,800. వెయ్యి కోట్ల సైకిళ్లు లేవు. అవి ఎక్కడికీ పోలేదు, అసలు పుట్టనేలేదు. ఈ చిప్‌కి ఉన్న వేగాల మెట్లు నాలుగే, 375, 500, 750, 1500 మెగాహెర్ట్జ్. వేడి 85 డిగ్రీలకి చేరితే కెర్నెల్, అంటే ఓఎస్‌లో అసలు భాగం, వేగం తగ్గిస్తుంది, 1500 కింద మెట్టు 750, మధ్యలో ఇంకేం లేదు. అంటే మధ్యాహ్నం పూట నా ప్రోగ్రామ్ ఇంచుమించు 13 సెకన్లు సగం వేగంతో నడిచింది. రాత్రి చల్లబడింది, పూర్తి వేగంతో నడిచింది. నేను కొలిచింది పర్లాకిమిడి ఎండని, నా ప్యాచ్‌ని కాదు.

తప్పు పూర్తిగా నాదే. బోర్డు హీట్‌సింక్ లేకుండా వస్తుంది, పెట్టుకోవడం మన బాధ్యత, నేను పెట్టలేదు. పైన శ్లాబు, మే నెల, తలుపులు వేసిన గది. నిజానికి అమ్మ ముందే చెప్పింది. మేడ మీద ఆరేసిన వడియాలు తీయడానికి వచ్చి, "ఏట్రా ఈ గది, ఇందులో వడియాలు పెట్టినా ఎండిపోతాయి, ఆ మిషన్‌ని కిందకి తెచ్చుకోరాదా" అంది. నవ్వేసి ఊరుకున్నా.

ఇప్పుడు చేసే పద్ధతి చెప్తా, ఈ బోర్డే కాదు, ఏ చిప్ మీద కొలిచినా పనికొస్తుంది. హీట్‌సింక్ అంటించి ఒక చిన్న ఫ్యాన్ పెట్టా, రెండూ కలిపి మూడొందల లోపే. చిప్ వేగాన్ని నడిపే గవర్నర్ అనే సెట్టింగ్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టి వేగం 1500 దగ్గర కట్టేస్తా. ప్రోగ్రామ్‌ని ఒకే కోర్‌కి కట్టేస్తా. పాత కంపైలర్‌తో కట్టిందీ కొత్త కంపైలర్‌తో కట్టిందీ రెండూ ముందే సిద్ధం చేసుకుని, ఒకటి తర్వాత ఒకటి, పాత-కొత్త-పాత-కొత్త అని మార్చి మార్చి నడుపుతా, ఎండైనా వానైనా ఇద్దరికీ సమానంగా తగలాలి కదా. పదిహేనుసార్లు నడిపి సగటు కాకుండా మధ్య విలువ తీసుకుంటా. ప్రతి పరుగుకీ ముందూ వెనకా ఉష్ణోగ్రత రాసుకుంటా. అన్నిటికంటే ముఖ్యం, పాతదాన్ని పాతదానితోనే పోల్చి ఒకసారి చూస్తా, ప్యాచ్ లేకుండానే ఎంత తేడా వస్తోందో తెలుసుకోడానికి. మొదట్లో నాకు ఒక శాతం పైనే ఊగేది, ఇప్పుడు 0.15 దగ్గర ఉంటోంది. దానికంటే తక్కువ వచ్చిన లాభాన్ని లాభం అనను.

ఇంత చేసినా ఇంకో మాయ ఉంది. 2009లోనే కొందరు పరిశోధకులు చూపించారు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (యూజర్ పేరు లాంటివి ప్రోగ్రామ్‌కి అందించే సెట్టింగులు) సైజ్ మారినంత మాత్రాన మెమరీలో ప్రోగ్రామ్ స్టాక్ ఉండే చోటు కాస్త జరిగి ప్రోగ్రామ్ వేగం మారిపోతుందని. అంటే యూజర్ పేరు పొడుగైనా తేడా రావచ్చు! ప్రోగ్రామ్ ముక్కల్ని లింక్ చేసే, అంటే కలిపే, వరస మారినా అంతే. కాబట్టి నా 0.2 శాతం ప్యాచ్ వల్ల వచ్చిందా, లూప్ క్యాష్ లైన్లో పక్కకి జరగడం వల్ల వచ్చిందా అన్నది ఒట్టేసి చెప్పలేను. గొప్పగా రాసుకున్న వివరణ చెరిపేసి, ఫలానా కోడ్‌లో మూడు ఇన్‌స్ట్రక్షన్లు ఒకటవుతాయి, ఈ ప్రోగ్రామ్‌లో మొత్తం ఇన్‌స్ట్రక్షన్లు 0.4 శాతం తగ్గాయి, టెస్టుల్లో కొత్త ఫెయిల్ లేదు, అని మూడు ముక్కల్లో పంపించా. వేగం ఊసే ఎత్తలేదు.

బోర్డులో నచ్చిన ఇంకో సంగతి, జీసీసీకి ఈ కోర్ గురించి తెలుసు. ఏ కోర్‌కి తగ్గట్టు కోడ్ రాయాలో చెప్పే ట్యూన్ ఆప్షన్‌లో సైఫైవ్-7-సిరీస్ అని ఇస్తే పైప్‌లైన్ వివరాలు వాడుకుంటుంది. ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌ని దాటి దూకే చిన్న బ్రాంచ్‌ని ఈ కోర్ ఆ ఇన్‌స్ట్రక్షన్‌తో కలిపి ఒకే పనిగా చేసేస్తుంది, అంటే దూకుతుందా లేదా అని చిప్ ముందే వేసే ఊహ తప్పే భయం లేదు, కంపైలర్ కూడా దానికి తగ్గట్టు కోడ్ రాస్తుంది. ఇలాంటివి నేర్చుకోడానికి ఇంత మంచి పలక నాకు దొరకలేదు. కానీ ఇక్కడ లాభమైంది వేరే రిస్క్-ఫైవ్ కోర్ మీద నష్టం కావచ్చు, అందుకే ఇలాంటి ప్యాచ్‌ని ట్యూన్ ఆప్షన్ వెనకే పెట్టాలి, అందరి నెత్తినా రుద్దకూడదు. ఉల్టా అనుభవం కూడా ఒకటైంది. అడ్డదిడ్డమైన అడ్రస్ నుంచి, అంటే నాలుగుతో భాగించబడని చోటు నుంచి నాలుగు బైట్లు చదవడం చవక అనుకునేలా ఒక సెట్టింగ్ పెట్టి చూశా. ఈ కోర్‌లో అది హార్డ్‌వేర్‌లో లేదు, ట్రాప్ అయ్యి, అంటే ప్రోగ్రామ్ మధ్యలో ఆగి, ఓఎస్ కిందున్న ఫర్మ్‌వేర్ ఒక్కో బైటూ ఏరుకొచ్చి ఇస్తుంది. ప్రోగ్రామ్ జవాబు సరిగ్గానే ఇచ్చింది, ఎన్నో రెట్లు ఆలస్యంగా. టీ తాగి వచ్చినా అవ్వలేదు. ఎమ్యులేటర్లో ఇదే ప్రోగ్రామ్ చకచకా నడిచిపోయింది, చూశారా మరి.

కొనేముందు తెలుసుకోవాల్సినవి. ఇందులో వెక్టర్ లేదు, అంటే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో చాలా అంకెల మీద ఒకేసారి పని చేసే సదుపాయం లేదు. రిస్క్-ఫైవ్ వెక్టర్ ఎక్స్‌టెన్షన్ 1.0 ఖరారైంది 2021 చివర్లో, జీసీసీలో లూపుల్ని తనంతట తానే వెక్టర్‌గా మార్చే పని 14వ వెర్షన్‌తో, 2024లో వచ్చింది. ఇప్పుడు రిస్క్-ఫైవ్ కంపైలర్ పనిలో పెద్ద సందడంతా అక్కడే. ఆ పని చేద్దామనుకుంటే ఇది కొనకండి, వెక్టర్ 1.0 ఉన్న బోర్డు చూసుకోండి, 0.7.1 అని రాసుంటే అది వేరు, రెండూ కలవవు. అలాగే ఉబుంటు లినక్స్ 25.10 నుంచి ఆర్‌వీఏ23 (చిప్‌లో ఏ ఎక్స్‌టెన్షన్లు ఉండాలో చెప్పే జాబితా) ఉన్న చిప్‌లే కావాలంటోంది, దానికి వెక్టర్ తప్పనిసరి, కాబట్టి ఈ బోర్డుకి ఆ దారి మూసుకుపోయింది. డెబియన్ లినక్స్ 13లో రిస్క్-ఫైవ్ అధికారికంగా ఉంది, నేను అదే వాడుతున్నా, ఏ గొడవా లేదు. పెర్ఫ్ స్టాట్ బాగా పనిచేస్తుంది కానీ సైకిల్ కౌంటర్ నిండినప్పుడు ఇంటరప్ట్ ఇచ్చే సదుపాయం ఈ కోర్‌లో లేదు, కాబట్టి పెర్ఫ్ రికార్డ్ టైమర్ మీదే నడవాలి, ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఎంత సమయం పోతోందో ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. ఒక సీరియల్ కేబుల్ కూడా తీసుకోండి, బూట్ కాని రోజున బోర్డు ఏం ఏడుస్తోందో అది లేకపోతే తెలీదు. స్పెక్ సీపీయూ 2017 అనే బెంచ్‌మార్క్ నడపాలంటే లైసెన్స్ కొనాలి, నేను కొనలేదు. కోర్‌మార్క్, ఎంబెంచ్ ఉచితం, వాటికి తోడు నేను రోజూ వాడే ప్రోగ్రాములే నాకు చాలు. కోర్‌మార్క్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, అది మొత్తం క్యాష్‌లో పట్టేస్తుంది, మెమరీ సంగతి ఏమీ చెప్పదు.

ఇన్వర్టర్ లేకపోతే మా ప్రాంతంలో ఈ పని పెట్టుకోవద్దు. వేసవిలో వచ్చే కాలబైశాఖి గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో, పోతే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పన్నెండో గంటలో ఉన్న బూట్‌స్ట్రాప్ పోతే వచ్చే బాధ అనుభవిస్తేనే తెలుస్తుంది.

అయిదుకి నాలుగు ఇస్తా. వెక్టర్ లేనందుకు ఒకటి తగ్గించా. జూన్‌లో వానలు పడ్డాక బోర్డుని అమ్మ చెప్పినట్టే కిందకి, దేవుడి గది పక్కనున్న అలమరలోకి మార్చా, ఇప్పుడు నాలుగు కోర్లూ తిరుగుతున్నా 60 డిగ్రీలు దాటట్లేదు. బంగారు అక్షరాల చార్జర్ అమ్మ ఫోన్‌కి పెట్టా. బావ అడాప్టర్ ఇంకా తిరిగివ్వలేదు, ఇది చదివితే అడుగుతాడు.